ఒడిబియ్యంతో పెట్టిన సంతకం

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఉవ్వెత్తున లేచిన ఏడాది, మా బడి నెలల తరబడి మూతపడింది. తోటి పిల్లలందరూ దానిని పండుగగా భావించారు. నేను మాత్రం ప్రతి ఉదయం తొమ్మిదిన్నరకు రెండు జడలు వేసుకొని, నోటుపుస్తకం ముందు పెట్టుకొని అరుగు మీద కూర్చునేదాన్ని. గంట కొట్టేవారు లేరు కనుక ఇత్తడి చెంబు మీద గరిటెతో నేనే కొట్టుకునేదాన్ని. పదేళ్ల వయసుకే నాకు క్రమం మీద అంత మక్కువ. ఆ మక్కువ తరువాతి కాలంలో నా ఉపాధ్యాయ వృత్తికి ఎంతో ఉపకరించిన మాట వాస్తవమే గాని, ఆ ఏడాది మాత్రం అది ఒక మనిషి నోట పాట ఆపించింది. చేసిన తప్పును చేసినట్టుగా చెప్పడమే పద్ధతి కనుక ఇక్కడ చెబుతున్నాను.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, గడ్డిఅన్నారం వైపు పోయే ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ఇప్పటి ఎల్.బి.నగర్ వైపు చూస్తే రాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప చెప్పుకోదగిన ఇల్లు కనబడేది కాదు. మా పెద్దలది పోచంపల్లి దగ్గరి నేత పల్లె. మా నాన్న మగ్గం దిగి బట్టల దుకాణంలో కుదురుకున్నాక నాయనమ్మ కూడా మాతోపాటు వచ్చేసింది. ఆమెకు చదువు రాదు. సందులో ఏ తగువు వచ్చినా తీర్పు మాత్రం ఆమెదే.

పక్కింట్లో బర్మా పిన్ని ఉండేది. ఆమె పుట్టుకతో బర్మా మనిషి. భర్త శ్రీకాకుళం వైపు తెలుగువాడు. ఆయనది తాతల కాలంలోనే రంగూను రేవుకు కూలికి వెళ్లిన కుటుంబం. అక్కడ ప్రభుత్వం మారి, మనవాళ్లందరూ ఓడలెక్కి వచ్చేసినప్పుడు ఆయనతోపాటు ఆమె కూడా వచ్చింది. ఆయన లేతు యంత్రం మీద పనిచేసేవాడు. మా సందు గోడల మీద ‘నాన్ ముల్కీలు వెనక్కి పోవాలి’ అంటూ స్థానికులు కానివారిని పొమ్మనే రాతలు కనబడిన రోజున, మా నాన్నతో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. “అక్కడ మీ దేశం పొమ్మన్నారు, వచ్చేశాను. ఇక్కడ మీ జిల్లా పొమ్మంటున్నారు. మూడోసారి ఎక్కడికో ముందే చెప్పీమనండి మాస్టారూ, సామాను విప్పకుండా ఉంచుతాను.” మా నాన్న మాస్టారు కాదు, అయినా ఆ గౌరవానికి మురిసిపోయి, రాతలు రాసింది మా సందు పిల్లలు కారని ప్రమాణం చేసినంత పని చేశాడు.

పిన్ని ఏదో చెట్టు బెరడు అరగదీసి పచ్చని పూతగా బుగ్గలకు రాసుకునేది. ఒక చిన్న జాడీలో పులియబెట్టిన చేపల ముద్ద ఉండేది. దాని మూత తీసిన రోజున సందులోని పిల్లులన్నీ ఆమె గోడ మీద వరుసగా హాజరయ్యేవి. పని చేసుకుంటూ తన భాషలో సన్నగా పాడుకునేది. తెలుగు ఆమెకు భర్త తరఫు నుంచి వచ్చింది కనుక, మా ఇళ్లలో చిన్నమ్మ అనే పిలుపు ఉన్నా ‘పిన్నీ’ అనే పిలిపించుకునేది.

ఆ ఏడాది ఆమెకు ఈ దేశపు పౌరసత్వం మంజూరయ్యే దశకు వచ్చింది. అంతవరకూ కొన్ని నెలలకొకసారి విదేశీయురాలిగా పోలీసు కార్యాలయానికి వెళ్లి గడువు పొడిగించుకునేది. ఈసారి పొడిగింపు ఉండదనీ, ఇచ్చిన తేదీన అధికారి ముందు ప్రమాణం చేసి, పాత దేశపు పౌరసత్వాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలనీ, పెట్టకపోతే ఇక్కడ ఉండటానికి వీలుండదనీ గట్టిగా చెప్పారు. ప్రమాణ పత్రం చదవడం నేర్పే పని నాకు అప్పగించారు. బడి లేక అలమటిస్తున్న నాకు ఒక విద్యార్థిని దొరికింది! పిన్ని వయసు ఇరవై ఆరు. ఒత్తులు పలకకపోతే మళ్లీ మొదటి నుంచి చదివించేదాన్ని. ఆమె తప్పు పలికిన ప్రతిసారీ తన చెవి తానే పట్టుకొని నవ్వేది.

అంతటితో ఆగివుంటే బాగుండేది. వదులుకోవడమంటే ఏమిటని ఆమె ఒక రోజు నన్ను అడిగింది. నాకు తెలియదన్న మాట నేను అప్పటికి నేర్చుకోలేదు. ఆ దేశానికి సంబంధించినవన్నీ విడిచిపెట్టడమని చెప్పి, అనుమానం లేకుండా ఉండటానికి అరఠావు మీద అంకెలు వేసి జాబితా రాసి ఇచ్చాను. మొదటి అంకె పక్కన చేపల జాడీ రాశాను. అందులో నా స్వార్థం ఉందని ఒప్పుకుంటున్నాను. తరువాత బుగ్గల పూత, నడుముకు చుట్టుకునే పూల లుంగీ, ఆ భాష, ఆ పాట.

ఆమె ఆ కాగితాన్ని ప్రభుత్వ ఉత్తర్వులా తీసుకుంది. మరునాటి నుంచి బుగ్గలు బోసిపోయాయి. పాట ఆగిపోయింది. జాడీ పెరటి మూలకు చేరింది. పిల్లులు రెండు రోజులు వచ్చి చూసి వెళ్లిపోయాయి. నా బోధన ఫలించిందని నేను సంతోషించాను. కానీ సంతకం కోసం వెళ్లిన రోజున ఆమె కలం పట్టుకొని, కాసేపు నిలబడి, కిందపెట్టి తిరిగి వచ్చేసింది. అధికారి మరొక్క వారం గడువిచ్చాడట. ఇదే ఆఖరు అన్నాడట.

ఆ సాయంత్రం నాయనమ్మ మా పెరటి గోడ దగ్గర నుంచి ఆమెను పిలిచింది.

“ఏంది బిడ్డా, సంతకం చేయకుంట ఒచ్చినవంట? గా సారు కరిచిండా?”

“లేదు మామ్మగారూ. చెయ్యి కదల్లేదండి.” పిన్ని గోడ మీది సున్నాన్ని గోటితో గీకుతూ చెప్పింది. “అక్కడ మా అమ్మ ఉంది. ఇది పెడితే రేపు అమ్మను చూడటానికి నేను పరాయిదాన్నై అడుక్కోవాలి. అమ్మ కూతుర్ని కాదని నేనే రాసిచ్చినట్టు కదండీ?”

“గట్లని ఎవరు చెప్పిన్రు?”

పిన్ని నా వైపు చూడలేదు. చూడకపోవడమే నన్ను పట్టించింది. నాయనమ్మ జాబితా తెప్పించి నా చేతనే పైకి చదివించింది. నేను అంకెలతో సహా స్పష్టంగా చదివాను. మొదటిది వినగానే నాయనమ్మ పకపకా నవ్వింది. చివరిది వినేసరికి నవ్వు లేదు.

“మంచిగ రాసినవ్ పంతులమ్మా. ఇగ ఇంకో కాగితం తియ్యి. నాది రాయి. నేను గీ ఇంటికి కోడలుగ ఒచ్చిన్నాడు ఏమేం ఇడిసిన్నో రాయి.”

నేను కలం సిద్ధం చేసుకున్నాను. ఇంటిపేరు మారింది, అని చెప్పింది. రాశాను. గోత్రం మారింది, అది కూడా రాశాను. మూడో అంకె వేసి ఎదురుచూశాను.

“అంతనే. ఇంకేం లేదు. పులుసుల బెల్లం ఏసేది మా అమ్మ తీరు. నిద్రల ఉలిక్కిపడితే పిలిచేది మా అమ్మనే. మా పుట్టింటి మీద ఒక్క మాటన్న అననిచ్చిన్నా మీ తాతను? యాభై ఏండ్లాయె, ఇంకా ఆ ఊరి ఆడివిల్లనే నేను. కాగితం మీద ఇంటిపేరు మారితే కడుపు మారుతదా?”

నేను జీవితంలో మొట్టమొదటిసారి నా చేతిరాతను, పిన్నికిచ్చిన ఆ జాబితాను, నేనే కొట్టివేసింది ఆ గోడ దగ్గరే. అప్పుడు నాయనమ్మ, సందులో ఎవరూ ఊహించని నిర్ణయం ప్రకటించింది. పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయకుండా ఆడపిల్లను పంపడమేమిటి, అందుకే చెయ్యి కదలలేదని తేల్చింది. మా వైపు పెళ్లయిన కూతురు పుట్టింటికి వచ్చి తిరిగి అత్తవారింటికి వెళ్లేటప్పుడు, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి, ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలూ రవికగుడ్డా పెట్టి పంపుతారు. వెళ్లే ముందు ఆమె తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటి బియ్యంలో వేసి వెళుతుంది. పుట్టిల్లు చల్లగా ఉండాలని అలా చేస్తారు.

గడువు రోజు ఉదయమే మా ఇంట్లో పీట వేశారు. సందులోని ఆడవాళ్లు ఐదుగురు వచ్చారు. పిన్ని బుగ్గల మీద మళ్లీ ఆ పచ్చని పూత ఉంది. నాయనమ్మ దాని మీదనే కుంకుమ బొట్టు పెట్టింది. సోలతో కొలిచి ఒడిలో బియ్యం పోశారు. ఇక ఐదు పిడికిళ్లు తిరిగి వేసే ఘట్టం వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. ఆమె పుట్టింటి బియ్యం కుండ సముద్రం అవతల ఉంది. ఇంత పెద్ద కార్యంలో ఇంత ముఖ్యమైన సంగతి ముందుగా ఆలోచించనందుకు నేను మనసులో అందరినీ తప్పుపడుతూ ఉండగా, నాయనమ్మ తీరికగా అడిగింది.

“మీ అమ్మ ఇచ్చింది ఏదన్న ఉన్నదా నీ దగ్గర?”

పిన్ని భర్త పరుగున వెళ్లి ఎర్రని లక్క పూసిన గుండ్రని వెదురు పెట్టె తెచ్చాడు. ఓడ ఎక్కేటప్పుడు తల్లి అందులో తమలపాకులు పెట్టి ఇచ్చిందట.

“గిదే నీ పుట్టిల్లు. దీన్నిండ పొయ్యి. ఖాళీగ ఉంచకు.”

ఒక్కొక్క పిడికిలీ వేస్తూ పిన్ని తన భాషలో ఏదో చెప్పింది. ఎవరమూ అర్థం అడగలేదు. ఐదవ పిడికిలి దగ్గర ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు, కానీ కంగారు పడలేదు. ఒడిబియ్యం రోజున ఏడవని ఆడపిల్లను వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

ఆ రోజు బస్సులు లేవు. నాయనమ్మ, పిన్ని, వాళ్ల మధ్య ఇరుక్కుని నేను ఒక రిక్షాలో బయలుదేరాం. పిన్ని భర్త సైకిలు మీద వెనుక వచ్చాడు. నేను వెళ్లింది ప్రమాణ పత్రంలో ఒత్తులు పోకుండా చూడటానికి. మలక్‌పేట దగ్గర విద్యార్థుల ఊరేగింపు ఎదురై రిక్షా ఆగిపోయింది. ఒక కుర్రాడు తొంగిచూసి, “ఎవలమ్మా మీరు? ముల్కీలేనా?” అన్నాడు. నేను నాయనమ్మ కొంగు పట్టుకున్నాను. నాయనమ్మ మాత్రం పిన్ని ఒడి వైపు చూపించి, “కండ్లు కనబడ్తలేవా కొడుకా? మా ఇంటి ఆడివిల్ల. ఒడిబియ్యం పోసి తోలుకపోతున్న. ముహూర్తం దాటితే నువ్వొచ్చి పోస్తవా?” అంది.

“అయ్యో, పోనియ్యుండ్రి, పోనియ్యుండ్రి! ఆడబిడ్డ పోతున్నది!” అంటూ వాళ్లే దారి చేశారు. మరొకడు కొంటెగా, “అక్కా, జై తెలంగాణ అనిపో!” అన్నాడు. పిన్ని నా విద్యార్థిని కదా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది. ఆ రంగూను యాసకు గుంపంతా చప్పట్లు కొట్టింది.

కార్యాలయంలో ప్రమాణం బాగానే చదివింది. తరువాత వదులుకునే పత్రం ముందుకు వచ్చింది. కలం మళ్లీ గాలిలోనే ఆగింది. అధికారి గడియారం వైపు చూసి, త్వరగా కానివ్వమన్నాడు. నేను కూడా అదే అనబోయాను. నాయనమ్మ నా భుజం నొక్కి అధికారితో అంది.

“జర ఆగుండ్రి సారూ. ఒడి నింపుకున్న ఆడివిల్ల గడప మీద జర నిలవడ్తది, ఎన్కకు మర్రి చూస్తది. గట్లని పోకుంట ఉంటదా? పోతది. జర చూడనీయుండ్రి.”

ఆయన ఎందుకో కుర్చీలో వెనక్కి వాలాడు. పిన్ని ఒడిలోని బియ్యం మీద ఎడమ చెయ్యి ఉంచుకొని, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. నా స్వభావానికి అది వింతే. తరువాత ఆమె వంగి, గుండ్రంగా, నిదానంగా సంతకం చేసింది. సంతకం ఆరకముందే తలెత్తి, “ఏమండీ, రేపు తెలంగాణ వచ్చేస్తే మళ్లీ వచ్చి చెయ్యాలా?” అని అడిగింది.

“అప్పటికి నేను రిటైరవుతానమ్మా,” అన్నాడు ఆయన, నవ్వుతూ.

ఐదవ రోజున పిన్ని ఒడిబియ్యం వండి సందులోని వారందరినీ పిలిచింది. పరమాన్నం పక్కనే చేపల ముద్దతో చేసిన పచ్చడి పెట్టింది. నాయనమ్మ ఎడమ చేత్తో ముక్కు పట్టుకొని రెండుసార్లు వడ్డించుకుంది. “రుచి మంచిగుంది గాని బిడ్డా, గీ వాసన ఒక్కటన్న ఇడిసిపెట్టి రాకపోయినవు,” అంది. గోడ మీద పిల్లులు వరుసగా ఉన్నాయి.

ఆ తరువాత నేను బళ్లో ప్రధానోపాధ్యాయినినయ్యాను. ఆలస్యంగా వచ్చినవారిని గేటు బయట నిలబెట్టానే తప్ప ఎన్నడూ నియమం సడలించలేదు. ఆ విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. కానీ దూరపు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మొదటిరోజు తరగతి గుమ్మంలో నిలిచిపోయినప్పుడు, వాళ్ల వెనుక తల్లిదండ్రులు తొందరపెడుతున్నా సరే, నేను చేతులు కట్టుకొని నిలబడేదాన్ని. వాళ్లు వెనక్కి తిరిగి చూసుకొని, కళ్లు తుడుచుకొని, తమంతట తాము కాలు లోపల పెట్టేవరకు పాఠం మొదలుపెట్టేదాన్ని కాదు. గంట మోగిపోయినా సరే.