మేస్త్రి ముందు తీసిన తాళం

మా అన్నయ్య బొగ్గు కరెంటు ఫ్యాక్టరీలో బెల్టు మేస్త్రి. గుట్టగా పోసిన బొగ్గును బాయిలర్‌కు మోసుకెళ్ళే బెల్టు అది. మసి మా ఇంట్లో ఒక మనిషిలాగే ఉండేది. ఆరేసిన బట్టల్లో దాని వాటా అది తీసుకున్నాకే మాకు. "చెల్లాయ్, నాకు తెల్లచొక్కా కొనకు. పాపం దాని ఆయుష్షు వీధి మలుపుదాకే" అని దగ్గుతూనే నవ్వేవాడు.

అందుకే, బొగ్గు మానేసి ఎండతో కరెంటు తీస్తారన్నప్పుడు మా వీధిలో మొదట సంతోషించినవాడు అతనే. మిగతావాళ్ళు భయపడ్డారు. బూడిద చెరువు పూడ్చి సోలార్ పలకలు పరుస్తారట, పలకల దగ్గర బొగ్గోళ్ళతో ఎవరికి పని అన్నారు.

బెల్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. మరమ్మతుకు లోపలికి దిగే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్‌కు తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. లోపల ఒక్కడున్నా బెల్టు తిరగదు. ఒకరి తాళం ఇంకొకరు ముట్టుకోరు. అందరికంటే ముందు వేసేది మేస్త్రి, అందరూ బయటికొచ్చాక చివర్న తీసేదీ మేస్త్రే.

ఫ్యాక్టరీ మూసేస్తామన్న రోజు అందరూ స్విచ్‌కు తాళాలు వేసి ఇళ్ళకు వచ్చేశారు. మా బతుకు సంగతి తేల్చేదాకా మిగిలిన బొగ్గు కదలదన్నారు. అప్పుడు మేనేజరు అన్నయ్యను పిలిచి కుర్చీ వేశాడు. ఆయన తియ్యటి మాటలకి చాటున అందరూ పటికబెల్లం అనేవాళ్ళు. ప్రతి ఒక్కరికీ పని నేర్పించి పలకల దగ్గర పెట్టుకుంటామని మాటిచ్చాడు. అన్నయ్య నమ్మాడు. నమ్మాలని అతనికీ ఉంది.

మర్నాడు అందరిముందూ తన తాళం తనే మొదట తీశాడు, ధైర్యం చెప్పడానికి. మేస్త్రే తీశాడు కదా అని మిగతావాళ్ళూ తీశారు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. మిగిలిన బొగ్గంతా కాల్చేశారు, పలకలొచ్చాయి, వాటితోపాటే బిగించే కంపెనీ తన మనుషుల్ని తెచ్చుకుంది. పాతవాళ్ళలో పిలుపు ఒక్క అన్నయ్యకే. అడుగుదామంటే పటికబెల్లం బదిలీ అయిపోయాడు. కొత్తాయన, నీకొచ్చింది కదా, ఊరందరి గోల నీకెందుకన్నాడట. కొత్త పనికి యూనిఫాం అని ఇచ్చిన నీలం చొక్కా ఆయన బల్లమీదే పెట్టి అన్నయ్య బయటికొచ్చాడు.

ఆ సంగతి చెప్పడానికి నేరుగా బావ ఇంటికి వెళ్ళాడు. చుట్టరికం బావ కాదు, బెల్టుమీద అన్నయ్యకు జత. రోజూ తిట్టుకుంటూ ఒకే డబ్బాలో తినేవాళ్ళు. బావ తలుపు తియ్యలేదు. లోపల్నుంచే అన్నాడు:

"మమ్మల్ని లోపలుంచి నీ తాళం ముందు తీసుకున్నావ్. ఇంకేం మాట్లాడతావ్ మేస్త్రీ?"

బావ అతన్ని మేస్త్రీ అనడం అదే మొదలు. ఆ వారమే పని వెతుక్కుంటూ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అన్నయ్య ఉద్యోగం వద్దన్నాడంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. చాటుగా ఏదో దక్కే ఉంటుందన్నారు. బజారుకు వెనక సందులోంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. పొగగొట్టం చల్లారింది, గాలి బాగుపడింది, అతని దగ్గు మాత్రం తగ్గలేదు. చివరికి ఆ దగ్గుతోనే పోయాడు.

అంతా అయిపోయాక బావ వచ్చాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పలకల దగ్గర వాడు ఎన్నాళ్ళు చేశాడని అడిగాడు.

"ఒక్కరోజు కూడా చెయ్యలేదు బావా."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"అందామనే వచ్చాడు. నువ్వు తలుపు తియ్యలేదు."

నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. కూర్చోమని నేను అనలేదు.