సముద్రం పేరు గీకేసిన తాత

నిన్న ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో పాత సామాన్ల షాపులో ఒక గ్లోబు చూశాను. మన టౌన్‌హౌస్ వరసలో పెరిగినవాళ్లకి మా పక్కింటి కొరియా తాత గుర్తున్నాడా?

నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ అలాంటి గ్లోబే ఉండేది. దాని స్టాండు విరిగితే నాన్న టేపు చుట్టారు. ఆ జిగురు వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. తాత మా ఇంటికొచ్చినప్పుడల్లా దాన్నే తిప్పేవాడు. ఎత్తుకుపోతాడేమోనని సోఫా వెనక నుంచి కాపలా కాసేవాణ్ణి.

ఒకరోజు చూస్తే కొరియాకీ జపాన్‌కీ మధ్య ‘జపాన్ సముద్రం’ అన్న పేరు లేదు. ఎవరో బ్లేడుతో గీకేశారు.

"అమ్మా, తాతే గీకాడు."

"నువ్వు చూశావా? పెద్దాయన్ని ఊరికే అనకు."

మర్నాడు ధైర్యం చేసి తాతనే అడిగాను. ఆయన దాచలేదు. ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు.

"నేనే గీకాను. జపాన్ వాళ్లు మమ్మల్ని ఏలినప్పుడు ఆ పేరే అందరికీ అలవాటైపోయింది. మాకది తూర్పున ఉంది. తూర్పు సముద్రం అనాలి."

"మరి జపాన్ వాళ్లకి పడమర కదా తాతా?"

తాత గ్లోబుని ఒకసారి తిప్పాడు. "వాళ్లని వాళ్ల గ్లోబు మీద రాసుకోమను."

ఇది నా గ్లోబు అందామనుకున్నాను. ఆయన వెళ్లాక, మిగతా సముద్రాల పేర్లన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నాను.