తప్పించుకుంటున్నావా అనే ప్రశ్న

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి చేతికి తగిలితే నాకు నాగర్‌కర్నూల్‌లో మేం పనిచేసిన చిన్న గది, అందులో కాల్చిన పల్లికాయల వాసన గుర్తొస్తాయి. నిన్న ఆఫీసులో అదే జరిగింది. ఆ పల్లికాయలు వెంకటమ్మ మేడంవి. గద్వాల నేతకారుల ఇంటి మనిషి, పిల్లల కౌన్సెలర్. పిల్లల ముందు ఒక గుప్పెడు పోసి, వాళ్లు ఒలుచుకుంటుంటే మాట్లాడించేవారు. ఆమె కింద మూడేళ్లు పనిచేశాను. ఒక్కసారి పొగిడిన పాపాన పోలేదు.

కళ్లముందు చావునో ప్రమాదాన్నో చూసిన పిల్లల్లో ఆ భయం ఇంకా లోపలే ఉందా అని కనిపెట్టే ప్రశ్నాపత్రం ఒకటుంది. అది మన పిల్లల దగ్గర సరిగ్గా పనిచేస్తుందో లేదో తేల్చడం మా పని. నేను పత్రం నింపించేవాణ్ని. నా మార్కులు చూడకుండా మేడం అదే పిల్లతో వేరే గదిలో మాట్లాడేవారు. తర్వాత రెండూ పోల్చేవాళ్లం. ప్రశ్నలను తెలుగు చేసింది నేనే. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

ఉప్పునుంతల వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతి శ్రావణి వచ్చింది. వాళ్ల మెట్టచేను, చెలకలో మోటారు దగ్గర కరెంటు కొట్టి తండ్రి చనిపోవడం చూసిన పిల్ల. కొన్నింటికి అవునంది గానీ, ఒకే తీరుగా ఉన్న నాలుగు ప్రశ్నలకు గట్టిగా "లేదు సార్" అంది. దాంతో భయం మార్కులు తగ్గి, సాయం అక్కర్లేని పిల్లల కట్టలోకి చేరింది.

సాయంత్రం మేడం తన కాగితం నా ముందు పెట్టారు. "గా పిల్ల చెలక దిక్కు పోక ఆర్నెల్లాయె. బడికి గూడ సుట్టు తిరిగొస్తది. నీ కాగితమేమంటున్నది?"

"ఏం లేదంటోంది మేడం. ఒక్క పిల్లే కదా, అక్కడక్కడ తేడా వస్తుంది."

"ఏమని అడిగినవో సదువు."

చదివాను. "జరిగినదాన్ని గుర్తుచేసే చోట్లకు వెళ్లకుండా తప్పించుకుంటున్నావా?"

"తప్పించుకుంటున్నవా అంటే పనిదొంగవా అన్నట్టు. కలుపుకు రాలేదని వాళ్లమ్మ రోజూ గదే మాటతోని తిడుతున్నదంట. నువ్వు గూడ గదే అంటివి. ఎవరు అవునంటరు?"

నాకు ఒళ్లు మండింది. ఆ మాట నాకు తట్టలేదన్న ఉక్రోషం ఒకవైపు, మారిస్తే బళ్లన్నీ మళ్లీ మొదటినుంచి తిరగాలన్న చిరాకు ఇంకోవైపు. గడువు దగ్గరపడిందన్నాను.

"మల్ల తిరుగుదాం, ఏమైతది? గిట్లనే పంపితే గసొంటి పిల్లలు మంచిగున్నరని రాసుకుంటరు. మల్ల ఎవ్వరడగరు," అన్నారు మేడం.

నాలుగు ప్రశ్నలనూ "అక్కడికి పోబుద్ధి కావడం లేదా?" అన్న తీరుకు మార్చాం. సణుక్కుంటూనే బల్మూర్ బడి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. శ్రావణికి మేడం వారం వారం కౌన్సెలింగ్ పెట్టారు. తప్పు నాదని ఆ పిల్లకు నేనే చెప్పాలన్నారు.

బడి వరండాలో చెప్పాను. "నేనడిగిన తీరు బాగాలేదమ్మా. నువ్వు చెప్పినదాంట్లో తప్పు లేదు."

నోటుపుస్తకం అట్ట గోటితో గీకింది. తర్వాత తలెత్తకుండానే అంది. "మోటరు నేనే ఏసిన సార్. నాయినే ఎయ్యమన్నడు. గది గూడ రాస్తరా?"

పెన్ను జేబులో పెట్టేశాను. నాకు ఏడుపు ఆగలేదు. తిరిగొచ్చి చెబితే, "నాకు గూడ చెప్పలే," అన్నారు మేడం.

మేడం ఇప్పుడు లేరు. కొత్తవాళ్లకు నేనే నేర్పుతున్నాను. పిల్ల "లేదు" అంటే, మనం అడిగింది తనకు ఏమని వినబడిందో కనుక్కున్నాకే పత్రంలో గుర్తు పెట్టమంటాను. శ్రావణి డిగ్రీ చదువుతోంది. చెలకకు వెళ్తుంది, మోటారు మాత్రం వెయ్యదు. ఇదంతా రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగాను.

"రాయుండ్రి సార్. పేరు మార్సుండ్రి," అంది.

మార్చాను.