ఆరో అర

కొత్తది వచ్చిందంటే పాతవన్నీ ఒక్కో మెట్టు దిగాలి, అట్టడుగున ఉన్నది మంటల్లోకి పోవాలి. దేవసహాయం గారి జబ్బు ఇదొక్కటే. అమలాపురం దగ్గర కాలువ లాకుల మీద మా ఆఫీసు. అందులో ఆయన రికార్డు అటెండరు, నేను గుమాస్తాని. వానాకాలం చెమ్మ, ఎండాకాలం చెద. నవ్వుకోవడానికి మాకు ఆయన తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

లాకు తలుపులు ఎత్తి దించే లస్కర్ల హాజరు, నీటిమట్టం, దాటిన పడవలు అన్నీ ఆయనే ఒక రిజిష్టరులో రాసేవారు. అది ఇంచుమించు నెలకి నిండేది. నిండగానే మొదటి అరలో పెట్టి, మొదటిదాన్ని రెండో అరలోకి, రెండోదాన్ని మూడో అరలోకి జరుపుకుంటూ పోయి, ఆరో అరలో ఉన్నదాన్ని పెరట్లో తగలబెట్టేవారు. ఎప్పుడో పై ఆఫీసు పంపిన ఉత్తర్వు అది. పంపినవాళ్లు మరిచిపోయారు గానీ ఈయన మరవలేదు.

ఇంట్లోనూ అదే వరస. కొత్త తువ్వాలు కొంటే పాతది మసిగుడ్డ అయ్యేది, అప్పటిదాకా ఉన్న మసిగుడ్డ పొయ్యిలోకి పోయేది.

"నన్నింకా ఏ అరలోనూ పెట్టలేదండి, అదే పదివేలు" అనేవారు ఆయన భార్య దానమ్మ గారు. ఆ మాటకి ఆయన నవ్వేవారు కాదు, ఆలోచించేవారు.

ఎనభై ఆరు ఆగస్టు వరదలో మా లస్కరు అబ్రహాము లాకు తలుపు ఎత్తబోయి కొట్టుకుపోయాడు. మూడో రోజున శవం దొరికింది. ఆ ఏడుపు ఆరకముందే పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ రోజు అతను డ్యూటీలో లేడట, సొంత పని మీద వెళ్లి పడిపోయాడట, కాబట్టి భార్య నాగమణికి ఉద్యోగం ఇవ్వడం కుదరదట. అతను డ్యూటీలో ఉన్నాడనడానికి ఆగస్టు రిజిష్టరులో సంతకం ఉంది. పంపుతామని రాస్తే, మేం అడిగినప్పుడు పంపండి అని జవాబు. నాగమణి ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వారం వారం వచ్చి గుమ్మంలో నిలబడేది. ఏమీ అడిగేది కాదు. అది మరీ కష్టంగా ఉండేది.

ఫిబ్రవరి ఒకటిన కొత్త పుస్తకం తెరిచేసరికి ఆగస్టు రిజిష్టరు ఆరో అరలోకి దిగింది. దాన్ని పక్కన పెట్టమని బతిమాలాను.

"రాతమూలకంగా ఆర్డరు లేకుండా అరలోది తియ్యకూడదండి. ఈ పుస్తకం నిండితే దాన్ని తగలెట్టాలండి, ఆయ్" అన్నారు.

"నాగమణి మొహం చూసేరా మీరు?"

"చూసేనండి" అని తల వంచుకుని రాసుకోసాగారు. ఆ రోజు ఆయన్ని మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాను. ఆయన రికార్డు గదివైపు వెళ్లడం మానేశాను.

ఆ తరవాత ఆయనకి ఇంకో పిచ్చి పట్టింది. అక్షరాలు చీమ తలకాయంత అయిపోయాయి. ఒక్కో గీత మీద నాలుగు వరసలు. మార్జిన్లు నింపేశారు, అట్ట లోపలివైపు కూడా వదల్లేదు. ఓవర్సీరు ప్రభాకరరావు గారు భూతద్దం పెట్టి చూసినా నీటిమట్టం అడుగో అంగుళమో తెలిసేది కాదు. మూడు మెమోలు ఇచ్చారు. కాగితం పొదుపండి అని దేవసహాయం గారు మూడింటికీ ఒకటే సంజాయిషీ రాసిచ్చారు. అదీ చీమ అక్షరాల్లోనే.

జులైలో, ఆగస్టు రిజిష్టరు వెంటనే పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చదివి కూలబడిపోయాను. అది మార్చిలోనే బూడిదై ఉంటుంది. ఆయన్ని నాలుగు దులిపేద్దామనే ఆ గదిలోకి వెళ్లాను. ఉత్తరం రెండుసార్లు చదువుకుని, ఆరో అరలోంచి ఆగస్టు రిజిష్టరు తీసి నా చేతిలో పెట్టారాయన.

"ఇంకా తగలెట్టలేదా అండి?"

"పుస్తకం నిండితేనే కదండి తగలెట్టేది. ఫిబ్రవరిలో తెరిచింది ఇంకా నిండలేదండి. నాలుగు గీతల చోటుందండి."

ఎర్రబడ్డ ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, ఆరు నెలల చీమ అక్షరాల ఫలితం. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

సెప్టెంబరులో నాగమణి మా ఆఫీసులో అటెండరుగా చేరింది. ఆ రోజే దేవసహాయం గారు కొత్త పుస్తకం తెరిచారు. మొదటి పేజీలో అరచేయంత అక్షరాలతో ఆవిడ పేరు రాసి, పక్కనే పది నిమిషాలు ఆలస్యం అని కూడా అంత పెద్దగానే రాశారు.

"మొదటి రోజేనా అండి?" అన్నాను.

"ఆలస్యమైంది కదండి, రాయాలండి" అన్నారు.

నాగమణి ఒంగి చూసుకుంది. వరద వెళ్లాక ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

"ఊరందరికీ కనపడేలా రాసేరండి" అంది.