అమ్మడానికి రాజోలు తీసుకెళ్లిన యెజ్డీ

పర్వత శిఖరాలూ జలపాతాలూ ఆశించి ఇక్కడికి విచ్చేసిన పాఠక మహాశయులందరికీ ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఇందులో శిఖరం లేదు, జలపాతం లేదు, కనీసం తప్పిపోయిన దారి కూడా లేదు. ఉన్నదల్లా కొత్తపేట నుంచి రాజోలుకి నలభై కిలోమీటర్ల లోపు ప్రయాణం, అదీ నా వయసుకి రెట్టింపు వయసున్న యెజ్డీ మోటార్‌సైకిలు మీద.

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, ఎవరి పెరట్లోనో పడుండి, సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ బండిని నలుగురం స్నేహితులం కలిసి కొన్నాం. వేసవంతా విప్పి, బిగించి, బతికించాం. ఇప్పుడు ముగ్గురు మూడు మహానగరాల్లో ఉద్యోగాలు వెలగబెడుతున్నారు. బండీ నేనూ ఇక్కడ మిగిలాం. "ఇంకెందుకురా, అమ్మేసెయ్" అని గ్రూపులో ఒకడు రాస్తే, మిగతా ఇద్దరూ బొటనవేళ్లు పెట్టారు. రాజోలులో దేవదానం మాస్టారనే రిటైర్డు ఉపాధ్యాయుడు కొంటానన్నారు. సాగనంపే బాధ్యత, సహజంగానే, ఊళ్లో ఉన్నవాడిది.

ఉదయం ఆరున్నరకి బయలుదేరాను. ఇది టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలపాలి. అన్ని బంకుల్లోనూ దొరకదు కాబట్టి సీసా వెంట ఉంచుకోండి. అంబాజీపేటలో మేమెప్పుడూ ఆగే పాకహోటల్లో అలవాటుగా "నాలుగు టీ" అనేశాను.

"మిగతావోళ్లు ఎనకాల వస్తన్నారాండీ?" అన్నాడు హోటలు సూరిబాబు.

"లేదండీ, జీతాలు మింగేశాయి."

"మరి నాలుగెందుకండీ?"

"రెండు నాకు, రెండు బండికి."

అతను నవ్వి, ఒక్కటే ఇచ్చాడు. టీ పది, పెసరట్టు ముప్పై. బాగుంటుంది, తినండి. నేను సగం వదిలేశాను.

గన్నవరం అక్విడెక్టు, అంటే కాలవని నది దాటించే వంతెన, ఇరుకు, నెమ్మదిగా దాటండి. కింద వైనతేయ నది, పైన నేను, మధ్యలో రెండు సైలెన్సర్ల డబడబ. నలుగురం ఉన్నప్పుడు మా గోలలో ఆ చప్పుడు సరిగ్గా విననేలేదు. ఆ పొద్దున దారి పొడుగునా నాతో మాట్లాడింది అదొక్కటే.

తొమ్మిది కాకుండానే రాజోలు చేరాను. మాస్టారు వరండాలో ఓ మూల ఖాళీ చేసి, బండి మీద కప్పడానికి దుప్పటి ఉతికి ఉంచారు.

"దూరాలు తిరగనండీ. మా ఆవిడ పోయేక ఇంట్లో చప్పుడే లేదు. పొద్దున్నోసారి స్టార్టు చేసుకుంటే చాలు" అన్నారు. టీ పెట్టడానికి లోపలికెళ్లి, తెచ్చిచ్చి, నేను తాగేదాకా కూడా ఆగలేక బండెక్కారు. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకే రాడ్డు. దాన్ని ఆయన కాలితో వెనక్కి తిప్పిన తీరు చూస్తే తెలిసింది, ఇంతకన్నా మంచి చేతుల్లో ఈ బండి పడదని. ఒక్క కిక్కుకే అందుకుంది. వీధి చివర ఆగిపోయింది.

"పెట్రోలుందాండీ?" అన్నారు మాస్టారు, నేను దగ్గరికెళ్లేసరికి.

"ఆయ్, ఉందండి."

ట్యాంకు ఊపి చూశారు, గలగలమంది. ప్లగ్గు విప్పి పంచె అంచుతో తుడిచారు. చెమటలు కారేదాకా తన్నారు.

"పాతదండీ, బలవంతం చెయ్యకూడదు. బాగు చేయించి ఎప్పుడైనా తీసుకురండి. జాగా అలాగే ఉంచుతాను" అన్నారు.

మలుపు తిరిగేదాకా తోసుకెళ్లాను. అక్కడ మొదటి కిక్కుకే స్టార్టయింది.

పాత బండ్ల పిచ్చి ఇనుము మీద ప్రేమ అనుకునేవాణ్ణి. పలకరిస్తే బదులిచ్చేది ఏదో ఒకటి ఇంట్లో ఉండాలి, అంతే. రాజోలులో ఒకాయనకి అది లేదు, నాకుంది. ఈ సంగతి వెనక సీటు మీద కూర్చుని కొత్తపేట దాకా నాతో వచ్చింది, దిగమన్నా దిగలేదు.

చివరగా ఒక పనికొచ్చే మాట. కొనబోయే పాత బండి కాస్త దూరం నడిచి ఆగిపోతే, ప్లగ్గు జోలికి పోకుండా ముందు ట్యాంకు కింద పెట్రోలు ట్యాపు చూడండి. మాస్టారు టీ కోసం లోపలికెళ్లినప్పుడు దాన్ని కట్టేసింది నేనే.