రోడ్డు మీద నడుం వంచను

మా పెనీనాకి ముందు పళ్ళు రెండూ కట్టుడువి. నవ్వితే అవి రెండే కొత్తగా సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరుస్తాయి. ఎవరైనా అడిగితే సిగ్గుపడదు. "మర్యాద చేసినందుకు దక్కిన బహుమానం" అంటుంది.

పోలీసు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ కారు ఆపింది. లోపల పక్క ఊరి పెద్దమనిషి ఉన్నాడు. మా సమోవాలో కూర్చున్న పెద్దవాళ్ళ ముందు నుంచి నిటారుగా పోకూడదు. నడుం వంచి, చెయ్యి నేల వైపు జార్చి, "తులోవ్, తులోవ్" అని మన్నింపు అడుగుతూ పోవాలి. నడక వచ్చిన దగ్గర్నుంచి వీపు మీద చరిచి మరీ నేర్పుతారు. కారులో కూర్చున్నా కూర్చున్నట్టే కదా! పెనీనా నడుం వంచి, కిటికీకి మొహం ఆనించి, "తులోవ్" అంది. ఆ పెద్దమనిషి లోపలినుంచి తలుపు ఒక్క తన్ను తన్నాడు. పళ్ళు రోడ్డు మీద పడ్డాయి. అంతే, ఆ రోజుతో రోడ్డు మీద వంగడం మానేసింది.

నేను ఆమె పెద్దమ్మ కొడుకుని, సేఫోని. మా ఊరు మాలేతోవా నుంచి ఆపియాకి బస్సు తోలతాను. వరసకి అన్నని. అయినా డ్యూటీలో ఉంటే ఆ పిల్లకి అన్నా లేదు, తమ్ముడూ లేదు. ఓసారి మెట్ల మీద జనం వేలాడుతున్నారని నా బస్సు ఆపింది.

"అన్నా, బండి పక్కకి తియ్యి."

"ఒసేయ్, నేనే!"

"కనబడుతూనే ఉన్నావు. అందుకేగా అన్నా అన్నాను. పక్కకి తియ్యి."

జరిమానా రాసింది. ఆ ఆదివారం భోజనానికి మా అమ్మ ఆమెని పిలవలేదు. పిలవకపోయినా వచ్చి కూర్చుని, నా వాటా కొబ్బరిపాల ఆకుకూర కూడా తినేసి, "పెద్దమ్మా, ఉప్పు తగ్గింది" అని లేచి పోయింది. అలాంటి మనిషి.

కొత్తగా చేరిన కుర్ర పోలీసులకి తన పెరట్లో పాఠం చెప్పేది. కుర్చీ వేసుకుని డ్రైవరులా తను కూర్చునేది. ఒళ్ళో తడి తువ్వాలు. వాళ్ళు వచ్చి పలకరించాలి. ఎవడు నడుం వంచితే వాడి మొహాన తువ్వాలు ఫట్‌మని పడేది. "మొహం ఎక్కడ పెట్టావురా? నా చేతికి అందేచోట పెట్టావు. ఇదే రాయి అయితే? ఇదే కత్తి అయితే? నోటితో ఎంత మర్యాదైనా చెయ్యి, నడుంతో చెయ్యకు." మా వీధి వాళ్ళకి అదో వేడుక. నేనూ వెళ్ళి చూసి నవ్వేవాణ్ణి. మా ఊరి కుర్రాడు సామసోని అందరికంటే ఎక్కువ తువ్వాలు దెబ్బలు తిన్నాడు. వాడు మరీ మెత్తన. కోడి ఎదురొచ్చినా తులోవ్ అనే రకం.

ఓ శనివారం మధ్యాహ్నం మా ఊరి మొగదలలో పెనీనా, సామసోని ఇద్దరే బళ్ళు ఆపుతున్నారు. నా బస్సు వెనక వరసలో ఉంది. మా పక్కనుంచి ఓ పికప్ బండి వంకర్లు తిరుగుతూ దూసుకొచ్చి, పెనీనా చెయ్యి చూపిస్తే విసురుగా ఆగింది. నడుపుతున్నది తుయిసాలా. మా ఊరి సభకి పెద్ద ఆయనే. ఆయన మాటంటే ఊరి మాటే. పెళ్ళివిందు నుంచి వస్తున్నాడు. పక్క సీట్లో ఆయన వాటాకి వచ్చిన కాల్చిన పంది, మనిషిలాగే కూర్చుని ఉంది. బీరు వాసన మా బస్సుదాకా కొట్టింది.

పెనీనా ఎప్పుడూ డ్రైవరు లేనివైపు నుంచి వెళుతుంది. వచ్చేపోయే బళ్ళు గుద్దవు, లోపలివాడు ఆ వైపు చూస్తూ ఉండడు. సామసోని డ్రైవరు వైపు వెళ్ళాడు. వెళ్ళి, చూసి, గుర్తుపట్టి, పెరట్లో తిన్న దెబ్బలన్నీ మరిచిపోయి నడుం వంచేశాడు. తల కిటికీలోకి పోయింది. "తులోవ్, పెద్దాయనా..."

"నన్నా ఆపుతావు? ఎవడి కొడుకువిరా నువ్వు?" అని తుయిసాలా వాడి కాలర్ పట్టుకున్నాడు. ఆ ఊపులో కాలు తొక్కాడో, కావాలనే తొక్కాడో, బండి కదిలింది. వాడి మెడ లోపల, కాళ్ళు రోడ్డు మీద. చెప్పులు ఊడి, మడమలు తారుకి గీసుకుపోతున్నాయి. నా బస్సులో ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

పెనీనా పరుగెత్తి, అవతలి తలుపు లాగి, పంది మీదుగా లోపలికి దూకింది. బండి తాళం తిప్పేసింది. ఆయన చేతివేళ్ళు ఇంకా కాలర్ వదల్లేదు. "వదలండి" అంది. వదల్లేదు. "వదలండి" అని మళ్ళీ అంది. అప్పుడు మణికట్టు పట్టి మెలితిప్పింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు నాకు వినబడింది. వేళ్ళు విడిపోయాయి. ఆ క్షణానే పెనీనా కూడా ఆయన చెయ్యి వదిలేసింది. నడుముకి లాఠీ ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఒక్క దెబ్బ ఎక్కువ వెయ్యలేదు. నేను చూశాను, ఎవరడిగినా బైబిలు పట్టుకుని చెబుతాను. ఆయన్ని దింపి, నీడలో కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు తాగించి, విరిగిన చేతికి అట్టముక్క పెట్టి కట్టు కట్టింది. తర్వాత ఆయన ఎదుట నిటారుగా నిలబడి, గొట్టంలో ఊదమంది.

ఊరు పట్టుకున్నది ఇదొక్కటే. సామసోని మడమల మీద తోలు లేదు, మెడ మీద కాలర్ కోసుకుపోయిన గీత, వాటి గురించి ఎవరికీ పట్టలేదు. పెద్దాయన నేల మీద కూర్చుని ఉంటే ఆడపిల్ల ఎదుట నిలబడిందట! పంది రోడ్డు మీద పడిందట! పందికోసం ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు మా ఊళ్ళో, నాకు ఒళ్ళు మండిపోయింది.

సోమవారం సభ కూర్చుంది. పెనీనా కుటుంబం తప్పు ఒప్పుకుని ఇఫోంగాకి కూర్చోవాలి, లేదా ఊరు విడిచిపోవాలి, అని కబురొచ్చింది. ఇఫోంగా అంటే, తెల్లవారకముందే అవతలివాళ్ళ వాకిట్లో నేల మీద కూర్చుని, తలమీద సన్నచాప కప్పుకుని ఎదురు చూడటం. వాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే ఇక మీ కర్మ. ఊరు విడవడమంటే మాటలా? మా తాతల సమాధులు మా ఇళ్ళ ముందే ఉన్నాయి. నాకూ, అమ్మకీ, మామయ్యకీ, పిల్లలకీ అందరికీ కలిపి శిక్ష.

పెనీనా పై అధికారి కూడా అదే మాట అన్నాడట. "ఓ పూట చాప కింద కూర్చో అమ్మా, నీ సొమ్మేం పోతుంది? నీ మీద పెట్టిన ఫిర్యాదు వాళ్ళే వెనక్కి తీసుకుంటారు."

"నేను తప్పు చేశానా సార్?"

"చేశావని నేనన్నానా?"

"చాప కప్పుకుంటే నేనే అన్నట్టు. రేపు ఇంకో కుర్రాడు వంగుతాడు. వాడికి మెడ మిగలదు."

మామయ్య లెఫావు మా ఇంటికి పెద్ద. మంచివాడు, కానీ పరువంటే ప్రాణం. ఆ సాయంత్రం ఆమెని పిలిచి కూర్చోబెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు తయారయ్యావేమే?"

"ఊరి దారిలో సామసోనిని ఈడ్చుకుపోయారు మామయ్యా."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా! మీ అమ్మని అనాలి. పిల్లలున్న ఇల్లు. ఎక్కడికి పోతారు వీళ్ళంతా?"

"ఇంట్లో ఏం చెయ్యమన్నా చేస్తాను. గిన్నెలు కడగమను, నీ కాళ్ళు పట్టమను. ఇది మాత్రం అడగకు" అంది పెనీనా. మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

మామయ్య ఆమెకి చెప్పకుండానే నిర్ణయించాడు. మర్నాడు కోడి కూయకముందే మా అమ్మమ్మ నేసిన సన్నచాప తల మీద కప్పుకుని తుయిసాలా వాకిట్లో కూర్చున్నాడు. ఆయన వెనక మేమంతా తలలు దించుకుని కూర్చున్నాం. గులకరాళ్ళు మోకాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. తెలవారింది. గోడలకి బదులు వేలాడే ఆ ఇంటి తెరలు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు రోడ్డు మీదనుంచి బూట్ల చప్పుడు వినబడింది.

యూనిఫాంలోనే వచ్చింది. వాకిట్లోకి రాగానే టోపీ తీసింది, బూట్లు విప్పింది. మా అందరి ముందు నుంచీ నడుం విల్లులా వంచి, చెయ్యి నేలకి జార్చి, "తులోవ్, తులోవ్" అంటూ నడిచింది. వచ్చి మామయ్య పక్కన బాసిపట్టు వేసి కూర్చుంది. తలమీద చాప లేదు. మొహం ఇంటి వైపు పెట్టింది.

చాప కిందనుంచి మామయ్య గొంతు వచ్చింది. "ఎవరది?"

"నేనే."

"లోపలికి దూరవే."

"దూరను. నీకు తోడుకొచ్చాను."

తెర లేచింది. తుయిసాలా పిండికట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన వెనక ఆయన మనుషులు. ఎవరి చేతిలో ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"నా ఎదుట నిలబడ్డావు" అన్నాడు.

"ఇప్పుడు కూర్చున్నాను పెద్దాయనా. ఇది మీ ఇల్లు. అది రోడ్డు."

"నా చెయ్యి విరిచావు."

"మీ చెయ్యి విరిగినందుకు బాధగా ఉంది. రోజూ ప్రార్థన చేస్తున్నాను. విరిచినందుకు మాత్రం బాధ లేదు. రెండుసార్లు చెప్పాను, మీరు వదల్లేదు. మీరు వదలగానే నేనూ వదిలేశాను."

"మళ్ళీ ఆపితే?"

"మళ్ళీ నిలబడతాను. మళ్ళీ ఎవడి పీక పట్టుకున్నా మళ్ళీ చెయ్యి పడుతుంది."

"నోరు ముయ్యవే తల్లీ!" అని చాప మూలిగింది. వెనకెవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించారు. పెనీనాకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఎండ ఎక్కింది. చాప కింద మామయ్య వీపు తడిసిపోయింది. చివరికి తుయిసాలా లేచి వచ్చాడు. ఒంటిచేత్తో చాప కొస పట్టుకుని మామయ్య మీదనుంచి లాగాడు. మా అమ్మ బావురుమంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

"లెఫావు, నీ ఇల్లు నీది. పిల్లల్ని తీసుకుని వెళ్ళు" అన్నాడు. తర్వాత పెనీనా వైపు తిరిగాడు. "నువ్వు తప్పు ఒప్పుకోలేదు. నీకు క్షమాపణా లేదు. ఊళ్ళో అడుగు పెట్టకు."

"సరే పెద్దాయనా" అంది. బూట్లు చేత్తో పట్టుకుని, వచ్చినట్టే నడుం వంచి, మా ముందు నుంచే బయటికి పోయింది. రోడ్డు ఎక్కాక బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, నిటారుగా నిలబడింది.

ఊళ్ళోంచి పోయే రోడ్డు సర్కారుది, ఊరిది కాదు. డ్యూటీ ఎప్పటిలాగే ఆ రోడ్డు మీదే పడింది. ఆపియాలో ఓ గది అద్దెకి తీసుకుని రోజూ నా బస్సులోనే వస్తుంది. టిక్కెట్టు కొనుక్కుంటుంది, వద్దంటే తిడుతుంది. ఆమె తారు దిగదు, ఊరు ఆమెని పిలవదు. మా పిన్ని ఉడికించిన చామదుంపలు అరిటాకులో పెట్టుకుని తారు అంచుదాకా వస్తుంది. తల్లి గడ్డిలో, కూతురు రోడ్డు మీద. అలా నిలబడి తింటుంది. మామయ్య ఇంకా ఆమెతో మాట్లాడటం లేదు. చామదుంపల్లో పెద్దవి మాత్రం ఏరి పంపిస్తున్నాడని పిన్ని చెప్పింది.

మొన్న నా బస్సు వెనకే తుయిసాలా పికప్ వచ్చింది. ఆయన మేనల్లుడు తోలుతున్నాడు, ఆయన పక్కన కూర్చున్నాడు. పెనీనా చెయ్యి చూపించింది. ఆగింది. ఆమె ఆయన వైపు వచ్చింది. "నమస్కారం పెద్దాయనా. చేతులు కనబడేలా పెట్టండి."

నేను అద్దంలోంచి చూస్తున్నాను. తుయిసాలా ఆమె మొహంలోకి చూడలేదు. మంచి చెయ్యి ఎత్తి ముందున్న బల్ల మీద పెట్టాడు. తర్వాత, పిండికట్టు చెయ్యి మెడ గుడ్డలోంచి మెల్లగా తీసి, దాన్నీ పక్కన పెట్టాడు.

అవతలివైపు సామసోని ఉన్నాడు. మడమలింకా పూర్తిగా మానలేదు, చెప్పులు వదులుగా వేసుకున్నాడు. "తులోవ్" అన్నాడు, చాలా మర్యాదగా. నడుం మాత్రం వంచలేదు. ఊరి పెద్ద ఎదుట నిటారుగా నిలబడి మేనల్లుణ్ణి లైసెన్సు అడిగాడు.