టిక్కుమన్న కత్తి

నా చిన్నప్పుడు మా పెద్దబాపుకు చెవులు నేనే. ఆయన మా నాన్నకు అన్న. ఏళ్లకేళ్లు దాగలి మీద సమ్మెట పడుతుంటే ఎవరి చెవులు మాత్రం నిలుస్తాయి? నేను పుట్టేసరికే ఆయనతో మాట్లాడాలంటే ముందుకు పోయి, మొహం చూపించి, గొంతు చించుకోవాలి. అందుకే ఇబ్రహీంపట్నంలో మా కొలిమి దగ్గర అనుకున్న మాటలన్నీ రోడ్డు అవతలికి వినబడేవి.

నాకు పదకొండేళ్లప్పుడు ఆయన నన్ను కత్తుల పనిలోకి తీసుకున్నాడు. ఆడవాళ్లు తిత్తి ఊదడం మా ఇళ్లలో ఉన్నదే గానీ పటకారు పట్టడం లేదు. మా నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఆడపోరికి గీ పనేందిరా?" అని అరిచింది. "దానికి చెవులున్నయే అమ్మా, నాకు లేవు" అన్నాడు పెద్దబాపు.

ఆయన అన్నదాంట్లో నిజముంది. లారీ కింద బరువు మోసే కమాన్ పట్టాను సాగగొట్టి కత్తి చేశాక, దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాం. గట్టిదనం అప్పుడే వస్తుంది. మా ఇంట్లో దాన్ని నీళ్లు తాపడం అనేవాళ్లు. బుస్సుమని పొంగితే ఫికరు లేదు. ఆ బుస్సులోనే సన్నగా, గాజు మీద గోరు తగిలినట్టు టిక్కుమంటే మాత్రం లోపల చీలిందన్నట్టే. ఆ చీలిక కంటికి ఆనదు, చెవికే తెలుస్తుంది. అందుకని ముంచిన ప్రతిసారీ ఆయన నా మొహంలోకి చూసి అడిగేవాడు, "సప్పుడైందా బిడ్డా?" అయిందంటే ఆ కత్తి పక్కకు పోయేది. కాలేదంటే మనిషి చేతికి పోయేది.

ఒక చలికాలం పొద్దున కల్లు కోసం తాళ్లు గీసే మామ కొత్త కత్తి కోసం వచ్చి కూర్చున్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, వరుసకే మామ. నన్ను కోడలా అనేవాడు. ఆ రోజు పెద్దబాపు పటకారు నా చేతిలో పెట్టి, "ఇయ్యాల నువ్వే తాపు. మోదుగుపువ్వు రంగు రాంగనే తియ్యి" అన్నాడు. మామ నవ్వి, "జర పైలం కోడలా, నా పానం గిండ్లనే ఉంది" అన్నాడు.

రంగు చూసే తీశాను. కానీ చలికాలం నీళ్లను అట్లనే వాడొద్దు. ముందు కాలిన ఇనుపముక్క ఒకటి ముంచి, వాటి చలి విరవాలి. పెద్దబాపు పది సార్లు చెప్పిన మాటే. మామ చూస్తున్నాడన్న మురిపెంలో మరిచిపోయాను. రాత్రంతా బయట చల్లబడ్డ తొట్టి నీళ్లలో ముంచేశాను. బుస్సుమంది. ఆ బుస్సులో టిక్కుమంది.

"సప్పుడైందా బిడ్డా?"

అయిందంటే పటకారు పోతుంది, నాయనమ్మ నవ్వుతుంది. "కాలే పెద్దబాపూ" అన్నాను.

ఆయన మారుమాట అడగలేదు. కత్తికి మళ్లీ సన్నసెగ చూపించి, సాన పట్టి, పిడి వేసి మామకు ఇచ్చాడు. మామ దాన్ని బొటనవేలి మీద ఆనించి చూసుకుని, నా నెత్తి మీద ఒకటి తట్టి పోయాడు.

ఆ తర్వాత నాకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. నాయనమ్మ పెట్టిన జొన్నగటక ముట్టలేదు. తాడిచెట్టు మీద మనిషికి ఏముంటుంది, నడుముకో మోకు, చేతిలో కత్తి. బలంగా గీస్తుంటే కత్తి విరిగి ఆ ముక్క కంట్లో పడితే? ఉలిక్కిపడి కాలు జారితే? రోడ్డు మీద ఎవరో ఎవరినో గట్టిగా పిలిచారు. అది చావుకేక అనుకున్నాను.

ఇక ఉండలేక ఉరికాను. ఇప్పుడు కాలేజీలున్న శేరిగూడ దిక్కు అప్పుడంతా తాళ్లే. మామ అప్పటికే చెట్టు కొసన ఉన్నాడు. పైనుంచి సర్రు సర్రుమని గీస్తున్న చప్పుడు. అరిస్తే అదిరి పడతాడేమో, అరవకపోతే కత్తి విరుగుతుందేమో. చప్పుడు ఆగిందాకా చూసి, మెల్లగా పిలిచాను.

"ఏంది కోడలా, పొద్దుగాలనే కల్లు గావాల్నా?"

"మామా, కత్తి పలిగింది. టిక్కుమన్నది. నేనే అబద్ధం చెప్పిన."

ఆయన కత్తిని మెల్లగా సంచిలో పెట్టుకుని, ఒక్కొక్క అడుగే దిగాడు. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని కొలిమి దాకా నడిపించాడు. ఆయన చెయ్యి కూడా చెమటతో తడిసి ఉంది.

జరిగింది మామే అరిచి చెప్పాడు. పెద్దబాపు కత్తిని దాగలి అంచున పెట్టి చిన్న సుత్తితో ఒక్కటి వేశాడు. రెండు ముక్కలైంది. విరిగిన చోట సగం తెల్లగా మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. ఆ నలుపు పొద్దున చీలిన మేర. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"నాకు దేవుడు ఒక్కపారే చెవుడిచ్చిండు. ఇయ్యాల నువ్వు ఇంకోపారి ఇచ్చినవ్" అన్నాడు. అరవలేదు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

తర్వాత కొత్త పట్టా తీశాడు. మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు వాలిందాకా కొట్టాం. పెద్దబాపు పటకారు మళ్లీ నా చేతికే ఇచ్చాడు. నీళ్ల చలి విరిచాను, రంగు చూశాను, ముంచాను. బుస్సు అణగిందాకా ఊపిరి బిగబట్టి విన్నాను. ఆయన వంగి, పొద్దున చూసినట్టే నా మొహంలోకి చూశాడు.

"సప్పుడైందా బిడ్డా?"

"కాలే పెద్దబాపూ."

ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. ఎగాదిగా చూస్తాడనుకున్నాను. ఆయన నా ఒక్క మాట చాలన్నట్టు తల ఊపి సాన దిక్కు తిరిగాడు. ఆ కత్తితోనే మామ మర్నాడు చెట్టెక్కాడు. పొద్దున పడ్డ భయం ఒక ఎత్తు, ఆ తల ఊపుడు చూసి పడ్డ భయం ఒక ఎత్తు.

ఇప్పుడు మా కోడలు చంటిదాన్ని నాకప్పగించి డ్యూటీకి పోతుంది. సాయంత్రం వచ్చి, "పాలు తాగిందా అత్తమ్మా, ఒళ్లు వెచ్చగ ఏమన్న అయిందా?" అని అడుగుతుంది. కునుకు తీసి ఒక పూట పాలు మరిచిపోతే, మరిచిపోయాననే చెబుతాను. అంతా మంచిగుందంటే మాత్రం, ఆమె పిల్లను తాకి చూడకుండానే కాళ్లు కడుక్కోవడానికి పోతుంది. అప్పుడు నేను చెప్పింది నిజమేనా అని లేచి వెళ్లి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను.